బొడ్డు చెట్టు మీద కత్తి

"నా దిండు గలేబు ఎవరు చింపారు?"

ఆదివారం పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి డెల్సీ అన్న మొదటి మాట అది. ఆమె చేతిలో నీలం పువ్వుల గుడ్డ పీలిక ఒకటి వేలాడుతోంది.

మార్వా పొయ్యి దగ్గర ఉప్పుచేప ముక్కలు విడదీస్తోంది. వెనక్కి తిరగలేదు.

"నేనే. పాతది కదా అని."

"పాతదని నీకెవరు చెప్పారు?"

"మసిగుడ్డల బుట్టలో ఉంది, సిస్ డెల్సీ."

"ఉంటే? అది నా మసిగుడ్డ. నా నేల తుడుచుకోడానికి నేను దాచుకున్నది. నువ్వేమో దాన్ని పీలికలు చేసి ఆ మోడుకి తలపాగా చుట్టావు."

"అది మోడు కాదు."

"తల లేనిదాన్ని మీ ఊళ్లో ఏమంటారేం?"

బల్ల దగ్గర కూర్చుని మధ్యాహ్నం అన్నంలోకి కొబ్బరి తురుముతున్న మిస్ ఐసీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. ఆవిడ తల ఎత్తకుండానే అంది.

"గలేబు కొత్తది కుట్టిస్తాలే డెల్సీ. వెళ్లి చర్చికి తయారవు."

"నాకు గలేబు అక్కర్లేదమ్మా. ఒకళ్ల వస్తువు మీద ఇంకొకళ్లు చెయ్యి వేస్తే, చేశానని ఒప్పుకోవాలి. నేననేది అంతే."

"ఒప్పుకున్నానుగా," అంది మార్వా. ఈసారి తిరిగి ఆడపడుచు మొహంలోకి చూసింది. "గలేబు సంగతి నేను ఒప్పుకున్నాను. చెట్టు సంగతే ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు."

కొబ్బరి తురిమే చప్పుడు ఆగిపోయింది.

డెల్సీ ఏదో అనబోయి తల్లి వైపు చూసింది. మిస్ ఐసీ కొబ్బరి చిప్పలోకి చూస్తోంది. డెల్సీ గుడ్డ పీలికను గుమ్మం మీద పడేసి వెళ్లిపోయింది.

బఫ్ బే ఊరి వెనక కొండవాలులో ఉన్న ఆ వాకిట్లో మూడు ఇళ్లు. నడిమిది మిస్ ఐసీది. ఎడమవైపుది పెద్ద కూతురు డెల్సీది. కుడివైపు రేకుల ఇల్లు కొడుకు లిన్‌వాల్‌ది, మార్వాది. వంట, తిండి మాత్రం నడిమింట్లోనే. నేల ఏ ఒక్కరి పేరు మీదా లేదు. ఎవరి బొడ్డుపేగు ఆ మట్టిలో పాతి, దాని మీద చెట్టు నాటారో వాళ్లకి ఆ వాకిట్లో చోటుంటుంది. నీళ్ల తొట్టి పక్కన లిన్‌వాల్ మామిడి, చాకిరేవు రాయి దగ్గర డెల్సీ మామిడి, గేటు దగ్గర, పట్నంలో పనిచేసే డెల్సీ కొడుకు రోహన్ మామిడి. మూడూ ఒకే తీరున, మనిషి నడుము ఎత్తులో మూడు చేతులుగా చీలి, గొడుగుల్లా పరుచుకుని ఉంటాయి. మార్వా ఈ ఇంటికి వచ్చేసరికే అవి పెద్ద చెట్లు. వాటి జాతే అంత అనుకుంది.

నెల్లా లిన్‌వాల్ కన్న బిడ్డ కాదు. నాలుగు నెలల పిల్లని చంకనేసుకుని, ఎండిన బొడ్డుపేగు పౌడరు డబ్బాలో పెట్టుకుని మార్వా ఈ గేటు దాటింది. ఆ డబ్బా చూసి ఎవరూ ఏమీ అడగలేదు. మిస్ ఐసీ తనే పలుగు తీసుకుని, వంటింటి కిటికీ ఎదురుగా గొయ్యి తవ్వింది. పేగు పెట్టి, మామిడి మొక్క నాటి, మట్టి కప్పి, కాళ్లతో తొక్కి, "ఇంక లోపలికి రండి, టీ చల్లారిపోతోంది," అంది. ఆ ఒక్క మాట మీద మార్వా ఇన్నాళ్లూ బతికింది.

ఆ మొక్క ఒంటికాడగా పైకి పెరిగి లిన్‌వాల్ భుజాన్ని అందుకుంది. కిందటి నెల ఒక పొద్దున చూస్తే దానికి తల లేదు. వాలుగా, నున్నగా ఒకే వేటుకి కోసిన కోత. సొన కారి కాండం మీద నల్లగా చారలు కట్టింది. ఒక్క ఆకు లేదు.

మార్వాది ద్వీపానికి అవతలి కొసనున్న సెయింట్ ఎలిజబెత్ మెట్ట ప్రాంతం. అక్కడ బొడ్డు చెట్టుకి ఇనుము తగలనివ్వరు. తగిలించారంటే ఆ పిల్ల మాకు వద్దు అని మొహం మీద చెప్పినట్టే. ఆమె నెల్లాని తీసుకెళ్లి ఆ కాండం పక్కన నిలబెట్టింది. కోత సరిగ్గా పిల్ల నడినెత్తికి వచ్చింది. పిల్లని చంకనేసుకుని గబగబా లోపలికి వచ్చేసింది.

కిందటి ఆదివారం వీధి కుళాయి దగ్గర, వాడకట్టు ఆడవాళ్లందరూ బకెట్లతో నిలబడి ఉండగా, ఆ భయమే మాటై బయటికి వచ్చేసింది. "నా బిడ్డ తల కోసినంత పని చేశారు సిస్ డెల్సీ, మీ చేతులు పడిపోను!"

డెల్సీ కాదనలేదు, అవుననలేదు. నిండని బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది.

*

బయట లిన్‌వాల్ టాక్సీ కడుగుతున్నాడు. మార్వా వెళ్లి పక్కన నిలబడింది.

"మీ అక్క మళ్లీ మోడు అంది."

"విన్నాను."

"విని ఇక్కడ చక్రాలు తోముతున్నావా?"

"చూడు మార్వా, నేను టాక్సీ వాణ్ణి. వెనక సీట్లో నలుగురు జుట్లు పట్టుకున్నా రోడ్డు చూసి నడపడమే నా పని."

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వితే నువ్వు తిడతావు, ఏడిస్తే అక్క తిడుతుంది. ఏం చెయ్యమంటావు?"

"అడుగు. ఎందుకు కోశావని మీ అక్కని అడుగు."

అతను గుడ్డ పిండి బానెట్ మీద పరిచాడు. చాలాసేపు దాన్నే సర్దాడు.

"అక్క కోసిందని నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు కోస్తారు? నువ్వా? మిస్ ఐసీయా? మొన్న వాన వెలిశాక మీ అక్క దాని ముందు నిలబడి ఏమందో నా చెవులతో విన్నాను. 'ఎండితే ఎండుతుంది, అక్కడితో సరి' అంది."

"మొక్కలు ఎండుతుంటాయి. ఎండితే ఇంకోటి నాటుదాం. జూలీ రకం మామిడి అంటు మంచిది తెస్తాను. కురచగా పెరుగుతుంది, తొందరగా కాస్తుంది."

"ఇంకో బొడ్డుపేగు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

లిన్‌వాల్ చెయ్యి ఆగింది.

"నువ్వు ఉన్నన్నాళ్లూ సరే," అంది మార్వా, గొంతు తగ్గించి. "రేపు నువ్వు లేకపోతే? నేనూ లేకపోతే? నీ చెట్టు చూపించి నువ్వు అడగగలవు. రోహన్ అడగగలడు. నా కూతురు ఏం చూపించి అడుగుతుంది? ఆ కాడ ఎండిపోతే నెల్లాకి ఈ వాకిట్లో నిలబడ్డానికి గజం నేల ఉండదు. అందుకే కోశారు. నీకు అర్థం కాక కాదు."

అతను ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. వంగి, శుభ్రంగా ఉన్న చక్రాన్నే మళ్లీ తోమడం మొదలుపెట్టాడు.

*

చర్చిలో డెల్సీ వేరే బెంచీలో కూర్చుంది. పాట పాడుతున్నంతసేపూ మార్వా కళ్లు పుస్తకం మీద ఉన్నాయి గాని మనసు కిటికీ ఎదుటి కాడ మీదే ఉంది. నిన్న గోరుతో గీకి చూసింది. బెరడు కింద పచ్చగానే ఉంది. కాని పచ్చగా ఉన్నవి కూడా ఎండిపోతాయి. ఎండ తగలకుండా గుడ్డ చుట్టింది. చుడితే ఉడికిపోతుందేమో అని మళ్లీ భయం. విప్పితే మాడిపోతుందేమో అని ఇంకో భయం. అడగడానికి ఆ వాకిట్లో చెట్ల సంగతి తెలిసిన మనిషి మిస్ ఐసీ ఒక్కరే. ఆ మనిషి ఈ నెలంతా ఆ కాడ ఊసు ఎత్తితే చాలు, లేచి వేరే పని చూసుకుంటోంది.

అన్నిటికన్నా అదే ఎక్కువ కాల్చింది. కూతుర్ని కాపాడుకోడానికి తల్లి నోరు కట్టేసుకుంది అనుకుంది మార్వా. కన్న కూతురు కన్న కూతురే.

ఇంటికి రాగానే నెల్లా చెప్పులు విసిరేసి పెరట్లోకి పరిగెత్తింది.

"అమ్మా! చెట్టుకి ముక్కులొచ్చాయి!"

"గౌను విప్పి ఆడుకో నెల్లా, మట్టవుతుంది."

"నిజంగా! ఎర్ర ముక్కులు!"

మార్వా పళ్లెం అక్కడే పెట్టేసి వెళ్లింది. పిల్ల గుడ్డను కిందికి లాగేసి ఉంది. కోత కింద, కాండం చుట్టూ, బెరడును చీల్చుకుని ఎర్రటి మొనలు. రాగి రంగులో తళతళలాడుతున్నాయి. మార్వా అక్కడే చతికిలబడింది.

"మిస్ ఐసీ! ఒక్కసారి ఇలా రండి!"

ఆవిడ చర్చి టోపీ తియ్యకుండానే వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని వంగింది. ఒక్కొక్క మొననీ వేలి వెనకతో తాకుతూ కాండం చుట్టూ తిరిగింది.

"ఐదు," అంది.

ఇంకేమైనా అంటుందేమో అని మార్వా ఎదురుచూసింది. ఆవిడ నిటారుగా నిలబడి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"అందరూ ఇవాళ ఒకేసారి నా బల్ల దగ్గర కూర్చుని తినాలి. డెల్సీని పిలువు."

"లిన్‌వాల్‌ని పంపిస్తాను."

"నిన్ను పిలవమన్నాను."

*

డెల్సీ ఇంట్లో ఇస్త్రీ చేస్తోంది. తలుపు తెరిచే ఉన్నా మార్వా గుమ్మం బయటే ఆగింది.

"మిస్ ఐసీ భోజనానికి రమ్మన్నారు."

"ఆకలిగా లేదని చెప్పు."

"అందరూ రావాలన్నారు."

"నా చేతులు పడిపోయాయిగా. ఏ చేత్తో తినను?"

మార్వా వెనక్కి తిరగబోయి, ఆ వార్త ఈమె మొహాన పడేయాలనే కసితో అంది.

"చెట్టు చిగుర్లు వేసింది."

ఇస్త్రీపెట్టె ఆగింది. చొక్కా మీదే ఆగింది. డెల్సీ గబుక్కున దాన్ని ఎత్తి నిలబెట్టింది.

"ఎన్ని?"

మార్వా ఊహించిన ప్రశ్న కాదది. పగవాళ్లు అడిగే ప్రశ్నలా లేదు. లెక్క ఎందుకు ఈమెకి? మళ్లీ ఒక్కొక్కటీ చిదమడానికా?

"ఐదు."

డెల్సీ కిటికీలోంచి గేటు దగ్గరున్న రోహన్ చెట్టు వైపు చూసింది. పెదవులు బిగించుకుంది.

"అయితే ఇవాళ చెప్పేస్తుందన్నమాట," అంది తనలో తాను. తర్వాత పైకి, "వస్తున్నానని చెప్పు."

*

కొబ్బరిపాలలో ఎర్ర చిక్కుడు గింజలు వేసి వండిన అన్నం, కోడికూర, వేయించిన అరటిపండు ముక్కలు, జగ్గులో క్యారెట్ రసం. ప్రార్థన అయింది. ఎవరూ ఎవరి వంకా చూడకుండా వడ్డించుకున్నారు.

"కూరలో ఉప్పు సరిపోయిందా?" అడిగాడు లిన్‌వాల్, ఏదో ఒకటి అనాలని.

"కూర నువ్వు వండావా అడగడానికి?" అంది డెల్సీ.

"వండినవాళ్లు అడగట్లేదని అడిగాను."

మిస్ ఐసీ చెంచా పళ్లెం అంచున పెట్టింది.

"ఆ చెట్టు తల కోసింది నేను."

మార్వా చేతిలో జగ్గు అలాగే ఉండిపోయింది. లిన్‌వాల్ నోట్లో ముద్దతో తల్లిని చూశాడు. డెల్సీ ఒక్కతే తింటోంది.

"మీరా?" అంది మార్వా.

"నేనే. మీరంతా మేడే సంత రోజు ఊళ్లోకి వెళ్లినప్పుడు. పిల్ల ఎత్తు కర్ర మీద గుర్తు పెట్టుకుని, దాని నడినెత్తికి కోశాను."

"నడినెత్తికా? కావాలనే అక్కడ కోశారా?"

"అక్కడే కొయ్యాలి. అక్కణ్ణుంచి కొమ్మలు చీలితేనే పిల్ల చేతికి కాయ అందుతుంది. పైకి పోనిస్తే కాకులు తింటాయి, గాలివానకి విరిగి ఇంటి మీద పడుతుంది. లిన్‌వాల్ చెట్టు అలాగే కోశారు. డెల్సీదీ, రోహన్‌దీ అంతే. ఆ మూడు చేతులూ వాటంతట అవే వచ్చాయనుకున్నావా?"

అనుకుంది. ఇన్నాళ్లూ అలాగే అనుకుంది.

"మరి చెప్పలేదేం?" అన్నాడు లిన్‌వాల్. "అమ్మా, కుళాయి దగ్గర వీళ్లిద్దరూ ఊరికి సినిమా చూపిస్తుంటే కూడా చెప్పలేదేం?"

"ఇది ఆడవాళ్ల పని, మగవాళ్లకి చెప్పేది కాదు. కత్తి పెట్టిన మనిషి చిగురు కనిపించేదాకా దాని ఊసు ఎత్తకూడదు. మా అత్త ఎత్తలేదు, నేనూ ఎత్తను. ఎత్తాక ఎండిపోతే ఆ పాపం ఎవరిది?"

మార్వా డెల్సీ వైపు తిరిగింది.

"మీకు తెలుసా?"

"చూసిన రోజే తెలుసు. ఆ వాలు కోత మా అమ్మ చెయ్యి కాక ఇంకెవరిది?"

"తెలిసి కూడా నన్ను అలా అననిచ్చారా? అంతమంది ముందు?"

"నువ్వు నన్ను అడిగావా?" అంది డెల్సీ నెమ్మదిగా. "అడిగితే చెప్పేదాన్నేమో. నువ్వు అడగలేదు. అన్నావు."

మార్వా జగ్గు దించింది.

"మా వైపు బొడ్డు చెట్టుకి కత్తి తగిలిస్తే ఆ పిల్ల వద్దన్నట్టు, మిస్ ఐసీ. నేను అలా..."

"ఇక్కడ తగిలించకపోతే వద్దన్నట్టు."

ఆవిడ పళ్లెంలో గింజలను చెంచాతో పక్కకి జరిపింది.

"ఇన్నాళ్లూ నేను తగిలించలేదు మార్వా. కిందటి ఏడే కొయ్యాల్సింది. కత్తి తీసుకుని వెళ్లి తిరిగొచ్చేశాను. నాలో నాకే తేలలేదు. ఉన్నమాట చెబుతున్నాను."

టీ చల్లారిపోతోంది, లోపలికి రండి. ఆ మాట మీద బతికిన ఇన్నాళ్లూ, ఆ కిటికీ ఎదుట కాడ పైకి పెరుగుతూనే ఉంది. డెల్సీ చూస్తూనే ఉంది. వాడకట్టులో చెట్ల సంగతి తెలిసిన ప్రతివాళ్లూ చూస్తూనే ఉన్నారు. ఆడవాళ్లలో తెలియంది తనకొక్కతికే. పొడుగ్గా పెరుగుతోందని మురిసిపోయి నీళ్లు పోసింది.

"ఇప్పుడు తేలిందా?" అడిగింది మార్వా.

"నాకు తేలింది. మిగిలింది నాది కాదు." మిస్ ఐసీ కూతురి వైపు చూసింది. "మొదటి కత్తి నాయనమ్మది. రెండో కత్తి మేనత్తది. ఐదు చిగుర్లు ఒకే చోట పెరిగితే పంగ బలం లేక మొదటి గాలికే చీలిపోతుంది. మూడు ఉంచి రెండు తియ్యాలి. జానెడు పెరగగానే తియ్యాలి. తీసేది డెల్సీ."

"నేను తియ్యను."

"తినేటప్పుడు గొంతు పెంచకు."

"పెంచలేదమ్మా. తియ్యను అంటున్నాను. రెండో కత్తి పట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలుసు. రేపు ఈ పిల్లకి ఎవరూ లేకపోతే నా బల్ల దగ్గర తినాలి, నా కొడుకుతో సమానంగా నిలబడాలి. రోహన్ నాకు ఒక్కడు. వాడి మూడు గజాల్లోంచి ఒక గజం నా చేత్తో కోసి ఇవ్వమంటున్నావు."

"అవును," అంది మిస్ ఐసీ. "అదే అంటున్నాను."

"నా చేతులు పడిపోవాలని అన్న మనిషి బిడ్డకి."

"నువ్వు కొయ్యకపోతే ఇంకెవరూ కొయ్యరు. చెట్టు దాని ఇష్టం వచ్చినట్టు పెరిగి, చీలే రోజున చీలుతుంది. నేను బతికుండగా దాని మీద ఇంకొకళ్ల కత్తి పడనివ్వను."

ఎవరూ తినడం లేదు. నెల్లా ఒక్కతే అరటిముక్కను రసంలో ముంచుకుంటోంది. లిన్‌వాల్ నోరు తెరిచాడు. తల్లి చూపుకి మూసుకున్నాడు.

మార్వా నెల్లా వైపు చూసింది. కాళ్ల మీద పడాలా? లేచి పిల్లని తీసుకుని గదిలోకి పోవాలా? డెల్సీ కొయ్యకపోతే చెట్టు చీలుతుంది. కోస్తే, ఏది కోస్తుందో ఎవరికి తెలుసు? మూడు ఉంచాల్సిన చోట ఒక్కటీ ఉంచకపోతే?

డెల్సీ పళ్లెం ముందుకి తోసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"సరే. కోస్తాను," అంది చివరికి. "చిగురు జానెడయ్యాక మొదటి శనివారం కోస్తాను. కాని నా మాట ఒకటుంది."

"చెప్పు."

"కుళాయి దగ్గర ఎవరెవరి ముందు నన్ను అందో, వాళ్లందరినీ ఈ వాకిట్లోకి పిలవాలి. వాళ్లు చూస్తుండగా మార్వా తన చేత్తో నా చేతికి కత్తి ఇవ్వాలి. ఇచ్చాక ఏది ఉంచాను, ఏది తీశాను అని నన్నెవరూ అడగకూడదు. తను అడగకూడదు, తమ్ముడు అడగకూడదు. నువ్వూ అడగకూడదమ్మా."

మిస్ ఐసీ చాలాసేపు కూతురి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఆవిడకి ఏం కనిపించిందో మార్వాకి తెలియలేదు.

"కత్తి పట్టిన మనిషిదే మాట," అంది ఆవిడ. "ఎప్పుడూ అంతే."

ఇప్పుడు అందరూ మార్వా వైపు చూస్తున్నారు.

"ఇస్తాను," అంది మార్వా.

డెల్సీ లేచింది. మూలనున్న బేసిన్‌లో చేతులు కడుక్కుని, పావడాకి తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"బాగా సాన పట్టించి ఇవ్వు. మొద్దు కత్తయితే ఒక్క వేటుకి తెగదు."